రేకులు విరగని చక్రాల కోసం రాజోలు దాకా

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే ఈ మాటలన్నీ మా పక్కింటి టీచరు పద్మ గారు రాస్తున్నారు. "ఎక్కడెక్కడో తిరిగొచ్చినవాళ్ళు రాయిస్తారు గానీ, మీరు రాజోలు వెళ్ళొచ్చి రాయించడమేంటండి" అని ఆవిడ మొదట్లోనే నవ్వారు. రాజోలు దగ్గరే, కాదనను. కానీ మా కాలవ గట్టు మీది ఆడవాళ్ళలో సైకిలు తొక్కుకుంటూ అంత దూరం వెళ్ళి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పమనండి. వెళ్ళనివాళ్ళ కోసమే ఇది.

నా పేరు మంగ. ఆత్రేయపురానికి నాలుగు కిలోమీటర్ల అవతల మా ఇల్లు. పూతరేకులు చుట్టేవాళ్ళు వేరు, రేకులు తీసేవాళ్ళు వేరు. నేను రేకులు తీస్తాను. కుండ బోర్లించి కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే తెల్లటి పొర మిగులుతుంది. అదే రేకు. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పొగ మింగి నా గొంతు బొంగురుపోయింది. ఫోన్లో నన్ను కొత్తవాళ్ళందరూ "అన్న గారూ" అనే పిలుస్తారు.

తీసిన రేకుల్ని ఆత్రేయపురంలో సుభద్ర గారి ఇంటికి చేర్చాలి. మా గట్టు మీద కంకర పరిచి రెండేళ్ళయింది, ఆ పైన తారు పడలేదు. ఆటోలు రావు. ఉన్నదల్లా మా ఆయన సైకిలు.

ఆయన కువైట్లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చాక షుగరు బయటపడింది. రోజూ సైకిలు తొక్కమని డాక్టరు చెబితే గేర్ల సైకిలు కొన్నారు. కొండలెక్కే సైకిలట. ఆయన ఉండగా దాని సీటు కూడా నేను తుడవలేదు. ఆయన పోయి మూడేళ్ళు. ఇప్పుడు దాని మీదే నా బతుకు. రోజూ పొద్దున్నే ఆయన బొటనవేలితో చక్రం నొక్కి చూసేవారు. "రాయిలా ఉండాలి మంగా. మెత్తబడిందంటే ట్యూబు పోయినట్టే" అనేవారు. ఆ పంపూ ఆ మాటా రెండూ నాకు మిగిలాయి.

రాయిలాగే కొట్టుకుంటున్నాను. అయినా పల్లేరు ముళ్ళు దిగుతూనే ఉన్నాయి, కంకర మీద కుదుపుకి డబ్బాలో రేకులు విరుగుతూనే ఉన్నాయి. ఆ శుక్రవారం సుభద్ర గారు మూత తీసి చూసి, ముక్కల్ని గుప్పెట్లోకి తీసి నాకే చూపించారు.

"వందకి ముప్ఫై విరుగుతున్నాయి మంగా. మాఘమాసం పెళ్ళిళ్ళు నెత్తి మీదున్నాయి. వచ్చే శుక్రవారం చూస్తాను. వందకి పది దాటితే ఇంక తేకు. ఊళ్ళోవాళ్ళ దగ్గరే తీసుకుంటాను."

ఆవిడ తీసుకోకపోతే నా కుండ బోర్లించే పని లేదు. పాల వ్యాను తోలే అతను ఒకసారి అన్నాడు, సైకిళ్ళకీ ట్యూబు లేని చక్రాలు వచ్చాయి, ముల్లు దిగినా గాలి పోదు అని. ఎక్కడ దొరుకుతాయంటే చెయ్యి దక్షిణం వైపు ఊపాడు. దాచుకున్న డబ్బంతా మూటగట్టుకుని సోమవారం పొద్దున్నే బయల్దేరాను. బిస్కెట్ల టిన్నులో రెండు వందల రేకులు సర్ది వెనక క్యారియరుకి కట్టుకున్నాను. చక్రం మంచిదో కాదో నాకు తెలియదు. రేకుకి తెలుస్తుంది.

కొత్తపేట: బోణీ కాని కొట్టు

రావులపాలెం దాటి కొత్తపేట చేరేసరికి ఎండ ఎక్కింది. సైకిళ్ళ కొట్టాయన అప్పుడే షట్టరు తీసి నీళ్ళు చల్లుతున్నాడు. నా మెడ వైపు ఒకసారి, నుదురు వైపు ఒకసారి చూశాడు.

"ఏమనుకోకండి అమ్మ గారూ, ఇంకా బోణీ అవ్వలేదండి. ఒక్కరు రానివ్వండి."

"ఏమనుకుంటానండి. మా ఊళ్ళోనూ ఇంతే" అని చెప్పి రోడ్డు పక్కన నిలబడ్డాను. పావుగంటకి ఒకాయన గాలి కొట్టించుకుని ఐదు రూపాయలు ఇచ్చి వెళ్ళాడు. ఆ ఐదు రూపాయలతో నాకు లోపలికి దారి దొరికింది.

"ట్యూబు లేకుండా సైకిలేంటండి? అవి స్కూటర్లకండి. పాత ట్యూబు కోసి టైరు లోపల పరిచేస్తానండి, ముల్లు లోపలికి దిగదు" అన్నాడు.

"ముల్లు దిగదు సరే. రేకు విరక్కుండా ఉంటుందా?"

"రేకేంటండి?"

టిన్ను తెరిచి ఒకటి అతని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, నేను వద్దనేలోపు నోట్లో వేసుకున్నాడు. "కరిగిపోయిందండోయ్. చక్కెర వెయ్యడం మర్చిపోయేరండి" అన్నాడు. అది ఇంకా పూతరేకు కాలేదని చెప్పాను. "ఇలాంటిది సైకిలు మీద పెట్టేది కాదండి, చేతుల మీద మోసుకెళ్ళేదండి" అన్నాడు. మనసున్న మనిషే. ట్యూబు పరుస్తానన్న మాటకి మాత్రం నేను ఒప్పుకోలేదు. చక్రం మరింత మొద్దుబారుతుంది తప్ప మెత్తబడదు.

అంబాజీపేట: కాయల గుట్ట

ముక్కామల దాటాక వెనక చక్రం పోయింది. పల్లేరే. సామాను నా దగ్గర ఉంది, అతుకు వేయడమూ వచ్చు. నీడ కోసం రోడ్డు పక్క కొబ్బరి కాయలు వలిచే పాకలోకి నడిపించుకుంటూ వెళ్ళాను. మా వైపు కాయ వలిస్తే ఇంటికి సరిపడా వలుస్తారు. ఇక్కడ కాయలు ఇంటి కప్పంత ఎత్తు పోసి ఉన్నాయి. నేలలో పాతిన గునపం మీద కాయని మూడు పోట్లు పొడిస్తే పీచు విడిపోతోంది. వలిచే ఆయన చేతి వంక చూడడు, మాట్లాడుతూనే ఉంటాడు.

"ఏం సైకిలండి అది, అంత లావు టైర్లు?"

"కొండలెక్కే సైకిలండి."

"కోనసీమలో కొండలెక్కడున్నాయండి? ఆయ్, ఇదిగో మా కాయల గుట్టుంది. ఎక్కి చూపిస్తారా?"

పాకలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పీచు ఏరుతున్న ఒకావిడ, మంగాయమ్మట, నా పేరే కాబట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. పనసాకు బుట్టలో ఉడికించిన పొట్టిక్కలు రెండు పెట్టింది. మనం ఇంట్లో ఇడ్లీ వండుకుంటాం కదా, పిండి అదే. కానీ ఆకు విప్పగానే పనసాకు వాసన ముందు ముక్కుకి తగులుతుంది, తర్వాతే నోటికి. దారిలో హోటల్లో అడిగితే జత నలభై అన్నారు. ఈవిడ ఇంట్లో చేసినవి. డబ్బులిస్తానంటే, "మీ పేరు పెట్టుకున్నందుకు నేనే ఇవ్వాలండి" అంది. బదులుగా పది రేకులు ఇచ్చాను. ఆవిడ వాటిని చీర కొంగులో పెట్టుకోబోయి ఆగి, రెండు చేతులూ దోసిలి పట్టి ఇంటికి నడిచింది. వీధి చివరిదాకా అలాగే.

అమలాపురం: మెరిసే చక్రాలు

అమలాపురంలో సైకిళ్ళ కొట్టు అద్దాల గది. లోపల ఏసీ. నా చెప్పులు బయట వదిలాను. ఎవరూ వదలలేదని తర్వాత గమనించాను.

"ఉన్నాయండి, ట్యూబ్‌లెస్ చక్రాలు" అని కొట్టాయన సన్నటి, తళతళలాడే జత దించాడు. జత పద్దెనిమిది వేలు. లోపల ట్యూబు ఉండదట. స్పోకు పుల్లలు దిగే చిల్లులు మూసుకునేలా చక్రం లోపలివైపు టేపు చుట్టి, టైరు ఎక్కించి, లోపల ఒక రకం పాలు పోస్తారట. ముల్లు దిగితే ఆ పాలే వచ్చి చిల్లుని మూసేస్తాయట.

"నేను నమ్మాలంటే నా రేకులు చెప్పాలండి" అన్నాను. కౌంటరు దగ్గర కుర్రాళ్ళు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయన మాత్రం, "తొక్కి చూడండి, తప్పేముంది" అని నా సైకిలుకి ఆ జత బిగించాడు. ఎంత గాలి పెట్టమంటారు అని అడిగాడు. రాయిలా పెట్టమన్నాను.

యాభై రేకులు లెక్కపెట్టి టిన్నులో సర్దుకున్నాను. వెనక వీధిలో కాలవ పక్కన ఇటుక ముక్కలు పరిచిన దారి ఉంది. అటు చివరిదాకా వెళ్ళి వచ్చి మూత తీశాను. ఇరవై రెండు విరిగాయి.

అందరూ టిన్నులోకి వంగి చూశారు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. నా పాత చక్రాలకీ దీనికీ తేడా ఏముంది? ముల్లు ఆగుతుందేమో గానీ రేకు ఆగలేదు. శుక్రవారం నా కళ్ళ ముందు నిలబడింది. కొట్టాయన మంచివాడు, ఆ జత నాకు అంటగట్టలేదు. "నాకు అమ్మడమే తెలుసండి. ఈ పని తెలిసినాయన రాజోలు దగ్గర ఉన్నారు, ప్రకాశం గారని. మస్కట్లో ఇదే పని చేసి వచ్చేరు. ఒకసారి ఆయనకి చూపించండి" అన్నాడు.

ఆ పూట మా వదిన రత్నం గారింట్లో ఆగాను. మా ఆయనకి అక్క. పనసపొట్టు కూర వండింది. ఆవపెట్టి వండితే ఆ ఊళ్ళో ఆవిడ తర్వాతే ఎవరైనా. పొట్టు వడ్డిస్తూనే మొదలుపెట్టింది.

"అయితే మా తమ్ముడు కొన్న చక్రాలు పీకేస్తావన్నమాట."

"పీకట్లేదు వదినా. మారుస్తున్నాను."

"రెండింటికీ తేడా ఏంటే? వాడు ముచ్చటపడి కొనుక్కున్నాడు. రోజూ తుడిచేవాడు."

"తుడిచేవారు. నేను తొక్కుతున్నాను."

వదిన మజ్జిగ పోసింది, నేను అడగకుండానే ఇంకో గరిటె పొట్టు వేసింది. పొద్దున్న నేను బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, "ఆ చక్రాలు మాత్రం ఎవడికీ అమ్మకు" అంది.

పి.గన్నవరం: నీళ్ళ మీద నీళ్ళు

మళ్ళీ అంబాజీపేట మీదుగా గన్నవరం. అక్కడి అక్విడెక్టు గురించి చిన్నప్పటినుంచి వింటున్నాను, చూడడం ఇదే మొదలు. కింద గోదారి పాయ పారుతోంది. దాని మీద వంతెన. ఆ వంతెన మీద బళ్ళూ మనుషులూ వెళ్ళడమే కాదు, ఒక కాలవ వెళుతోంది. నీళ్ళ మీద నుంచి నీళ్ళు నడిచి అవతలి ఒడ్డుకి పోతున్నాయి. ఎంతసేపు చూసినా నా కళ్ళు ఒప్పుకోలేదు. కాలవ నీళ్ళు పచ్చగా ఉన్నాయి, కింద గోదారి బూడిద రంగులో ఉంది.

గేలం వేసుకుని కూర్చున్న ముసలాయన్ని అడిగాను, "పైనుంచి నీళ్ళు కారవా అండి?" అని.

"మా తాతల నాటినుంచి కారట్లేదండి. మీరొచ్చేరని ఇవాళ కారుతాయా?"

"ఇక్కడ చేపలు పైవాటికి గేలం వేస్తారా, కిందివాటికా?"

"ఏది పడితే అదండి. అవి మాత్రం ఎప్పుడూ కలుసుకోవండి" అన్నాడు. చాలా దూరం ఆ మాటతోనే తొక్కాను.

రాజోలు: మెత్తటి గాలి

ప్రకాశం గారి కొట్టు రాజోలుకి ఇవతలే, కాలవ లాకుల దగ్గర. కొబ్బరాకు పందిరి కింద సైకిళ్ళు తలకిందులుగా వేలాడుతున్నాయి. మనిషి సన్నగా ఉన్నాడు, యాభై దాటి ఉంటాయి. నేను సైకిలు స్టాండు వేసి పందిరి బయటే నిలబడ్డాను.

"లోపలికి రండి అక్క గారూ. పొద్దున్నుంచీ ఈగ కూడా రాలేదు. మీదే బోణీ."

"నాదా అండి?"

"ఏం, డబ్బులు తెచ్చుకోలేదా?" అని కుర్చీ తుడిచి వేశారు.

నాకు ఎక్కడలేని నవ్వొచ్చింది. కూర్చుని జరిగిందంతా చెప్పాను. గట్టూ కంకరా, సుభద్ర గారి మాటా, అమలాపురంలో విరిగిన ఇరవై రెండూ. ఆయన నా టిన్నులో రేకులు చూశారు గానీ ముట్టుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చి అప్పుడు ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూశారు.

"ఆ సన్నచక్రాలు రోడ్డు మీద పరిగెత్తేవాళ్ళకండి. మీకు వెడల్పు కావాలి" అని పైనుంచి ఒక జత దించారు. నల్లగా, మొహం మాడినట్టు ఉంది. గీతలు పడి ఉంది. మస్కట్లో కొండలెక్కే దొరలు మార్చేసిన సరుకట. జత తొమ్మిది వేలు. నా సైకిలుకి సరిపోయే కొలత, ఇరవై ఏడున్నర అంగుళాలు. నా పాత చక్రం నుంచి బ్రేకు పళ్ళెమూ గేరు పళ్ళూ తీసి దీనికి బిగించారు. లోపల టేపు తిప్పి, టైరు ఎక్కించి, సీసాలో పాలు గిలక్కొట్టి పోశారు. జిల్లేడు పాలలా తెల్లగా, చిక్కగా ఉన్నాయి. గాలి ఒక్కసారిగా ఎక్కించేసరికి టైరు అంచు చక్రంలో కూర్చుంటూ టప్పుమంది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. "అది కూర్చుంటే మీరు లేచేరండి" అన్నారు ఆయన.

గాలి ఎంత అంటే మళ్ళీ రాయిలా అన్నాను. సరేనన్నారు. లాకుల పక్క ఇటుక ముక్కల దారిలో యాభై రేకులతో వెళ్ళి వచ్చాను. పంతొమ్మిది విరిగాయి.

"ఇప్పుడు సగానికి తగ్గిద్దామండి."

"వద్దండి!" అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే లాకుల మీద ఉన్న మనిషి ఇటు తిరిగాడు. "రాయిలా ఉండాలి. మెత్తబడితే పాడైపోతుంది."

"ఎవరు చెప్పేరండి?"

"మా ఆయన."

ప్రకాశం గారు నవ్వలేదు. నా పాత చక్రం తెచ్చి, టైరు విప్పి, ట్యూబు బయటికి లాగారు. దాని మీద మా ఆయన వేసిన అతుకులు ఉన్నాయి, నేను వేసినవీ ఉన్నాయి. ఒక చోట రెండు చిన్న అతుకులు, పక్కపక్కనే.

"చూడండి. ట్యూబున్న చక్రంలో గాలి తగ్గితే, రాయి తగిలినప్పుడు ట్యూబు ఆ రాయికీ చక్రం అంచుకీ మధ్య నలిగిపోతుంది. ఇలా జంట చిల్లులు పడతాయి. ఆయన చెప్పింది పూర్తిగా నిజం అక్క గారూ. ఈ చక్రాలకి." ట్యూబుని నా ఒళ్ళో పెట్టారు. "ఇప్పుడు బిగించినవాటిలో నలగడానికి ట్యూబే లేదు కదండి. గాలి తగ్గితే టైరే రాయి మీద ఒదుగుతుంది. కుదుపు మీ రేకుల దాకా రాదు."

ఆ రెండు అతుకుల మీద వేలు పెట్టి చూశాను. తర్వాత గాలి తియ్యమన్నారు, నన్నే. వంగి వాల్వు నొక్కాను. బుస్సుమని గాలి పోతుంటే నా వేలు దానంతట అదే రెండుసార్లు వెనక్కి వచ్చేసింది. మూడోసారి ఉంచాను.

ఆయన మీటరు పెట్టి అంకె చెప్పబోతే, "అంకెలొద్దండి, నాకు గుర్తుండవు" అన్నాను. "అయితే నొక్కి చూడండి" అన్నారు. నొక్కాను. పండబోయే జామకాయలా ఉంది. అది గుర్తుంటుంది.

చివరి యాభై రేకులు సర్దుకున్నాను. అదే దారి, అవే ఇటుక ముక్కలు. ఈసారి సైకిలు నా కింద పడవలా వెళ్ళింది. తిరిగొచ్చాక మూత నేను తియ్యలేదు, ఆయన్నే తియ్యమన్నాను. ఆయనా, ఆయన భార్య మేరీ గారూ వంగి ఒక్కో రేకూ పక్కకి పెడుతూ లెక్కపెట్టారు. నాలుగు విరిగాయి.

"నాలుగే వదినా!" అంది మేరీ గారు. అప్పటిదాకా ఆవిడ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ పూట అక్కడే భోజనం, రాత్రికి అక్కడే పడక. మా వైపు కొబ్బరి పచ్చడిలోకే వెళుతుంది. వీళ్ళు చేపల పులుసులో కూడా కొబ్బరి పాలు పోశారు. మస్కట్లో నేర్చుకున్నారా అంటే, "మా అమ్మమ్మ దగ్గరండి" అంది మేరీ గారు. విరిగిన రేకులన్నీ పోగేసి, బెల్లం తురిమి, నెయ్యి పోసి కలిపింది. చుట్టకుండా పూతరేకులు తినడం నాకు అదే మొదటిసారి. ముప్ఫై ఏళ్ళుగా ముక్కలు చూసి గుండె గుభేలుమనడమే తెలుసు, అవి తియ్యగా ఉంటాయని ఆ రోజు తెలిసింది.

పొద్దున్న నేను తొమ్మిది వేలూ లెక్కపెట్టి ఇచ్చాక ప్రకాశం గారు రెండు మాటలు చెప్పారు. మన ఎండలకి ఆ పాలు ఆరిపోతాయి, మూడు నెలలకోసారి పోసుకోవాలి. టైరు పెద్దగా తెగితే పాలు ఆపలేవు, అందుకని ఒక ట్యూబు సంచిలో ఉంచుకోవాలి. పాత చక్రాల్లో మళ్ళీ ట్యూబులు వేసి, నేను అడిగినట్టే రాయిలా గాలి కొట్టి, క్యారియరుకి చెరో పక్క కట్టారు.

తిరుగుదారి: గాలి లేదండి

కోనసీమ వాళ్ళ మర్యాద ఎంతో తెలుసుకోవాలంటే మెత్తటి చక్రంతో ఒక రోజు తొక్కాలి. పది అడుగులకొకరు ఆపారు. "అమ్మ గారూ, గాలి లేదండి!" "పిన్ని గారూ, వెనక చక్రం పోయిందండి!" బస్సులోంచి ఒకావిడ తల బయటపెట్టి మరీ అరిచింది. ఇలాగే ఉండాలండి అని చెప్పీ చెప్పీ ఉన్న గొంతు కాస్తా పోయింది. గన్నవరంలో టీ కొట్టు దగ్గర ఒకాయన నా సైకిలు చుట్టూ తిరిగి చూసి, "కింద రెండు చక్రాలకీ గాలి లేదు, పైన కట్టినవాటికి దండిగా ఉంది. మార్చుకోవచ్చు కదండి" అన్నాడు. టీ పది రూపాయలు, ఆ మాట ఉచితం.

పలివెల ఇవతల తెల్లచొక్కా పెద్దాయన ఒకరు స్కూటరు ఆపి మరీ దిగారు. గాలి లేదని చెప్పి ఊరుకోలేదు, వంగి వేలితో నొక్కి చూపించారు. అప్పుడు కనిపించింది నాకు, ఆయన వేలి పక్కనే పల్లేరు కాయ. మూడేళ్ళ అలవాటు, చటుక్కున లాగేశాను. తెల్లటి పాలు సర్రుమని ఆయన చొక్కా మీద చిమ్మాయి.

"ఏంటండి ఇది!"

"పాలండి" అన్నాను.

చక్రం తిప్పి చిల్లుని కిందికి తెచ్చాను. బుడగలు వచ్చాయి, తగ్గాయి, ఆగిపోయాయి. నా పంపు సంచిలోనే ఉంది, అతుకుల సామాను సంచిలోనే ఉంది. చెయ్యి దేని కోసమో అటు వెళ్ళి, పని లేక తిరిగొచ్చింది. పెద్దాయన చొక్కా సంగతి మర్చిపోయారు. "ఆగిపోయిందండోయ్!" అని ఆయనే ముందు అన్నారు. నా కొంగు తడిపి చొక్కా తుడవబోతే, "ఉండనివ్వండి, ఇంట్లో చూపించాలి, లేకపోతే నమ్మరు" అన్నారు.

కొత్తపేటలో ఆ కొట్టు ముందు ఆగాను. "బోణీ అయ్యిందా అండి, రావచ్చా?" అని బయటినుంచే అరిచాను. అతను సిగ్గుపడిపోయి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చక్రం నొక్కాడు, పల్లేరు దిగిన చోటు చూశాడు, మళ్ళీ నొక్కాడు. "ఆయన పేరేంటన్నారండి? రాజోల్లోనే కదండి?" అని రెండుసార్లు అడిగి, సిగరెట్టు పెట్టె మీద రాసుకున్నాడు.

శుక్రవారం: సుభద్ర గారి వాకిలి

గురువారమంతా రేకులు తీశాను. శుక్రవారం పొద్దున మంచు విడిచాక మూడు వందలు సర్దుకుని గట్టెక్కాను. కంకర ఎప్పటిలాగే ఉంది. నేను మాత్రం దారి పొడుగునా పళ్ళు బిగించే ఉన్నాను, రేకుల బదులు నేను విరిగిపోతానేమో అన్నట్టు.

సుభద్ర గారు టిన్ను మూత తీసి, గచ్చు మీద తెల్లగుడ్డ పరుచుకుని కూర్చున్నారు. ఒక్కో రేకూ వెలుతురుకి పట్టి మంచిది కుడివైపు, విరిగింది ఎడమవైపు పెట్టారు. లోపల చుట్టే ఆడవాళ్ళు కూడా చేతులు ఆపేశారు. వందకి పది అంటే మూడు వందలకి ముప్ఫై. ఎడమవైపు పదిహేను దాకా వచ్చాయి. టిన్ను ఖాళీ అయ్యింది. పదిహేడు.

ఆవిడ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టారు. పదిహేడే.

లేచి వాకిట్లోకి వచ్చి, సైకిలు వైపు చూసి, వంగి చక్రం నొక్కారు.

"గాలి లేదే మంగా! దీని మీదా తెచ్చావు? వెళ్ళేటప్పుడు కొట్టించుకుని వెళ్ళు."

"వద్దండి. దానికి అంతే ఉండాలి."

నా మొహం వంక చూసి ఇంకోసారి నొక్కారు. "సోమవారానికి ఐదు వందలు కావాలి" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి వదినకి ఫోను చేశాను. పదిహేడు అని చెబితే, "మా తమ్ముడి చక్రాలేం చేశావు?" అని అడిగింది. వసారా గోడకి వేలాడదీశానని చెప్పాను. అక్కడే ఉన్నాయి. పంపు కూడా పక్క మేకుకే ఉంది. వారానికోసారి దించి, వాటికి గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూస్తున్నాను. వాటికి రాయిలాగే ఉండాలి.